మగ్గం మీద సగం చీర

కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో మగ్గం ఆడకూడదని మా సాలెవాళ్ళ వీధిలో ఒక కట్టుబాటు ఉంది. ఏడో నెలలో కుబుసమని సీమంతం లాంటి వేడుక చేస్తారు. ఆకుపచ్చ చీర కట్టించి, రవికె గుడ్డ పెట్టి, మోచేతి దాకా గాజులు తొడుగుతారు. ఆ రోజుకల్లా మగ్గం మీది చీర పూర్తిచేసి దింపేయాలి. మళ్ళీ మగ్గానికి నిలువు పోగుల పడుగు అతికేది కాన్పయ్యాకే. మగ్గం మీద చీర సగంలో ఉండగా మనిషి కాన్పుకు గడప దాటితే కడుపులో బిడ్డ కూడా సగంలోనే దిగిపోతుందట. ఈ మాట ఎవరు పుట్టించారో తెలియదు. నన్నడిగితే ఒళ్ళు వంగని సాలెవాడెవడో, పెళ్ళాం కడుపు అడ్డం పెట్టుకుని రెండు నెలలు కాళ్ళు బారజాపుకోవడానికి పుట్టించి ఉంటాడు.

మా ఇలకల్లు వీధిలో మాటలు చేరేంత తొందరగా నీళ్ళు కూడా చేరవు. మా కోడలు కస్తూరి కాన్పు గురించి ఇప్పుడు అక్కడ చెప్పుకునేది వింటే నవ్వొస్తుంది. జరిగింది వేరు.

కస్తూరికి మొదటి కడుపు ఏడో నెల దాటగానే పోయింది. బిడ్డ పుట్టింది, కాసేపు ఊపిరి తీసుకుంది, పోయింది. ఆ నొప్పులు మొదలైనప్పుడు ఇంట్లోవాళ్ళు వాతం అన్నారు. వామునీళ్ళు తాగించారు, పొట్టకు ఆముదం రాశారు, తెల్లారేదాకా చూద్దామన్నారు. తెల్లారాక చూడటానికి ఏమీ మిగల్లేదు.

రెండోసారి కడుపు నిలిచాక పట్నంలో లేడీ డాక్టరు చూసి, గర్భసంచి మూతి వదులుగా ఉందని కుట్టు వేసింది. వేసి మాకందరికీ వినపడేట్టు చెప్పింది.

"మంచం దిగొద్దు. నొప్పి వచ్చినా, నీరు పోయినా నా దగ్గరికి కూడా రావద్దు. ఎవరినీ అడగొద్దు. నేరుగా బాగల్‌కోట పెద్దాసుపత్రికి పొండి. నెలలు నిండని బిడ్డను పెట్టే వెచ్చటి పెట్టె అక్కడే ఉంది."

ఇంటికి వచ్చాక మా అక్క నీలవ్వ బుగ్గ నొక్కుకుంది. మొగుడు పోయాక మా ఇంట్లోనే ఉంటుంది. వీధిలో ఏ కాన్పుకైనా మంత్రసాని కంటే ముందు తనే హాజరు.

"గర్భసంచికి కుట్టేమిటే దానవ్వా? అదేమన్నా జొన్నల గోతమా?"

దానవ్వ నా భార్య. "ఏమో వదినా. ఈ కాలం డాక్టర్లు కనపడిందల్లా కుట్టేస్తారు," అంది.

కుట్టు వేయవలసిన మూతి మా ఇంట్లో ఇంకొకటి ఉందని నేను అనుకున్నాను. పైకి అనలేదు.

కస్తూరిని వెనకగదిలో పడుకోబెట్టారు. మంచం కాళ్ళవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. ఆ గదికీ నా గుంట మగ్గానికీ మధ్య ఒక మట్టిగోడ ఉంది. గోడలో దీపం పెట్టే గూడు, అటూ ఇటూ బోలుగా. ఆ గూట్లోంచి అటు మాట ఇటు, ఇటు మాట అటు వినిపిస్తుంది. కుబుసం అయిపోయింది. మగ్గం ఖాళీ అయింది. నాకు పనిలేదు. అయినా గుంటలోనే కూర్చునేవాణ్ణి. ఇంట్లో ఇంకెక్కడ కూర్చున్నా ఎవరో ఒకరు మాట్లాడతారు.

అప్పుడు మొదలైంది చూడవచ్చేవాళ్ళ దండు. వీధిలో ఆడవాళ్ళందరూ వంతులేసుకున్నట్టు వచ్చారు. దానవ్వ బొరుగులు కలిపి పెట్టడం, చా కాచడం. వాళ్ళు మంచం చుట్టూ చేరి, పడుకున్న మనిషిని జాతరలో బొమ్మను చూసినట్టు చూడటం.

"మా చెల్లెలి తోటికోడలికీ ఇట్లాగే కుట్టేశారమ్మా. పాపం, రొట్టె తింటూ తింటూ ఉండగానే అయిపోయింది."

"ఎనిమిదో నెల్లో మాత్రం రాకూడదు. ఏడో నెలది నిలుస్తుంది, ఎనిమిదో నెలది నిలవదు," అని మా అక్క తీర్పు.

నెల ఎక్కువున్న బిడ్డ నెల తక్కువున్న బిడ్డకంటే ఎట్లా బలహీనమో మా అక్కను అడిగినవాడు లేడు. అడిగితే ఏమంటుందో నాకు తెలుసు. అది అంతే అంటుంది.

"మా మేనకోడలి బిడ్డకైతే గోళ్ళు కూడా రాలేదు."

"నవ్వకు తల్లీ, నవ్వితే కుట్టు వదులవుతుంది."

"ఏడవకు కూడా. ఏడిస్తే బిడ్డ నల్లబడుతుంది."

ముగ్గురు నలుగురు బిడ్డల్ని ఇట్లా చంపి పూడ్చాక, చెంగు దులుపుకుని లేచి, గడప దగ్గర ఆగి, "నీకేం కాదులే, ధైర్యంగా ఉండు," అని పోయేవాళ్ళు. ఆ మాట చెప్పకుండా పోయినవాళ్ళు ఒక్కరు లేరు. కస్తూరి అందరికీ తలాడించేది. వాళ్ళు పోయాక ఆ గదిలోంచి ఊపిరి తీసిన చప్పుడు కూడా వచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం ఇంట్లోవాళ్ళు కునుకు తీస్తున్నారు. గూట్లోంచి పిలుపు వచ్చింది.

"మావా, ఉన్నావా?"

"ఊఁ."

మామగారి ఎదుట కోడలు మాట్లాడటం మా ఇళ్ళలో తక్కువ. గోడ అడ్డం ఉంది కాబట్టి ఎదుట అని కూడా కాదు.

"పని లేకుండా ఆ గుంటలో ఏం చేస్తున్నావు?"

"కూర్చున్నా."

ఒక్కసారిగా అందుకుంది. గొంతు మాత్రం లేవలేదు.

"ఇల్లు ఇట్లా మూగబోయి ఉంటే నాకు నా కడుపు ఒక్కటే వినిపిస్తోంది మావా. కదిలితే ఎందుకు కదిలిందా అని. కదలకపోతే ఎందుకు కదల్లేదా అని. దగ్గు వస్తే మింగేస్తున్నా. తుమ్ము వస్తే ముక్కు పట్టుకుంటున్నా. దొడ్లోకి పోయిన ప్రతిసారీ చీర తిప్పి చూసుకుంటున్నా, మరకేమన్నా ఉందా అని. లేకపోతే సరిగ్గా చూడలేదేమోనని మళ్ళీ చూస్తున్నా."

నేను ఊఁ కొట్టాను.

"పోయినసారి దాంతో మాట్లాడేదాన్ని. పేరు కూడా పెట్టుకున్నా, ఎవరికీ చెప్పలేదు. ఈసారి మాట్లాడటం లేదు. దారిన పోయేవాళ్ళు ఎవరో నా ఇంట్లో దిగినట్టు ఉన్నా. ఉంటే ఉంటారు, పోతే పోతారు అన్నట్టు. ఇట్లాంటి తల్లి ఉంటుందా మావా?"

జవాబు తెలియనప్పుడు నోరు మూసుకోవడం మా వీధిలో నాకొక్కడికే వచ్చు. మూసుకున్నాను.

"మగ్గం ఆడించు మావా," అంది. "మా పుట్టింట్లో నాలుగు మగ్గాలు. ఆ చప్పుడు లేకుండా నేనెప్పుడూ నిద్రపోలేదు. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో నాకే తెలియదు."

"మీ అత్త ఊరుకోదు."

"అత్తకు నువ్వెప్పుడు జవాబు చెప్పావు? ఇప్పుడూ చెప్పకు."

మర్నాడు పొద్దున్నే పడుగు అతికాను. నేరేడుపండు రంగు ఒళ్ళు, ఎర్ర అంచు. పోగును నొక్కే పలక మొదటి దెబ్బ పడగానే వంటింట్లో గిన్నె కింద పడింది.

"ఏమయ్యా, మతిగానీ పోయిందా?" దానవ్వ రొట్టెపిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. "కోడలు కడుపుతో పడుకుంటే మగ్గం ఎక్కుతావా?"

నేను నూలు కండె ఉన్న నాడె విసిరాను.

"ఒరే ఈరా, నా మాట విను," అని మా అక్క గుంట గట్టు మీద కూలబడింది. "సగం చీర పెట్టుకుని ఉండగా నొప్పులొస్తే ఎట్లారా?"

"నొప్పులకు ఇంకా టైముంది కదా వదినా," అంది దానవ్వ.

"నొప్పులు నిన్నడిగి వస్తాయా? నువ్వేమన్నా వాటికి మేనత్తవా?"

వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు తగువు పడటం మొదలుపెట్టారు. నాకు అదే కావలసింది. పలక కొట్టుకుంటూ పోయాను.

సాయంత్రం మా కొడుకు మహాంతేశ వచ్చాడు. నూలు కొట్లో లెక్కలు రాస్తాడు, కాలేజీ చదివాడు.

"నాన్నా, నాకు ఇట్లాంటి వాటి మీద నమ్మకం లేదనుకో. అయినా ఎందుకొచ్చిన గొడవ, ఆపెయ్యరాదూ."

నమ్మకం లేదంటాడు. వాడి మొలతాడుకు రెండు తాయెత్తులు ఉన్నాయి, స్నానం చేసేటప్పుడు చూశాను.

"నిద్రపోతోంది," అన్నాను.

వాడు వెనకగదిలోకి తొంగి చూశాడు. కస్తూరి నోరు కొద్దిగా తెరుచుకుని, ఒక చెయ్యి మంచం కిందికి వేలాడేసి, చంటిపిల్లలా పడి నిద్రపోతోంది. వాడు ఇంకేమీ అనకుండా చెప్పులు విప్పుకున్నాడు.

చూడవచ్చేవాళ్ళు కూడా తగ్గారు. నేను ఎవరినీ పొమ్మనలేదు. పాపం పోయిందమ్మా అనే మాట మెల్లగా చెబితేనే రుచి. మగ్గం చప్పుడు మీద గొంతు చించుకుని చెప్పాలంటే చెప్పేవాళ్ళకే చప్పబడుతుంది. ఒకావిడ "గోళ్ళు కూడా రాలేదు" అని నాలుగుసార్లు అరిచింది. కస్తూరి నాలుగుసార్లూ "ఏమిటత్తా?" అంది. ఆవిడ మళ్ళీ రాలేదు.

కొన్ని రోజులు అట్లా గడిచాయి. ఒక్కోసారి నేను పలక కొడుతుంటే గోడకు అటువైపు వేళ్ళతో తట్టేది, నా దెబ్బకు దెబ్బ కలిపి. ఒకసారి, "ఇది కూడా తంతోంది మావా, నీ లెక్కకే," అంది. అని, అనకూడనిది అన్నట్టు వెంటనే ఊరుకుంది.

చీర సగానికి వచ్చింది. కొంగు ఇంకా పడలేదు.

ఆ రోజు అన్నాలు తిన్నాక గుంటలో దిగాను. ఇంట్లోవాళ్ళంతా ఉన్నారు, నూలు కొట్టుకు సెలవు. చాలాసేపు గోడ అటునుంచి తట్టడం లేదు. నిద్రపోయిందనుకున్నాను.

"మావా, ఆపకు," అంది. "అట్లాగే కొట్టు."

కొట్టాను.

"ఇప్పుడు వచ్చింది. ఇప్పుడు పోయింది." కొంతసేపటికి, "మళ్ళీ వచ్చింది. నీ దెబ్బలు లెక్కపెడుతున్నా. రెంటికీ మధ్యలో దెబ్బలు తగ్గిపోతున్నాయి మావా. ఇది వాతం కాదు."

నేను మగ్గం ఆపాను. అప్పటిదాకా ఆపమని గోల పెట్టినవాళ్ళంతా ఆపగానే ఏమైందని వచ్చారు.

కస్తూరి చెప్పింది. దానవ్వ ముఖం పాలిపోయింది. మా అక్క ముందు కోడలి వైపు చూడలేదు. మగ్గం వైపు చూసింది.

"చెప్పానా? నేను చెప్పానా? సగంలో ఉంది. ఎనిమిదో నెల నడుస్తోంది, పైగా చీర సగంలో ఉంది."

"టంటం బండి మాట్లాడు," అని మహాంతేశతో అన్నాను.

"ఆగరా," అంది మా అక్క. "ఇట్లా గడప దాటిస్తే బిడ్డ దక్కదు. ముందు చీర దింపాలి. ఒరే ఈరా, ఎంత మిగిలింది?"

"సగం."

"పక్కింటి కుర్రాళ్ళను పిలిస్తే వంతులవారీ కూర్చుంటారు. రేపు పొద్దుటికి కొంగు పడుతుంది. అప్పటిదాకా వామునీళ్ళు ఇస్తే నొప్పులు ఆగుతాయి."

ఇంతకంటే తెలివి తక్కువ మాట నా జన్మలో వినలేదు. కానీ విన్నవాళ్ళెవరూ నవ్వలేదు. దానవ్వ వాము డబ్బా కోసం వంటింటి వైపు రెండడుగులు వేసింది. నా కొడుకు, కాలేజీ చదివినవాడు, గడప మీద నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు.

"నాన్నా, నేను బండి మాట్లాడి గుమ్మంలో పెట్టిస్తా. ఈలోపల నువ్వు ఎంత వీలైతే అంత నేసెయ్యి."

వాణ్ణి కన్నందుకు నేను ఆ రోజు సిగ్గుపడ్డాను. వాణ్ణి నెలలు నిండాకే కన్నాం మరి.

అప్పుడు కస్తూరి వెనకగది గుమ్మంలోకి వచ్చింది. మంచం దిగకూడని మనిషి గోడ పట్టుకుని నిలబడింది. నుదుటి మీద చెమట. తల మీద కొంగు కూడా వేసుకోలేదు. మగ్గం మీది చీర వైపు చూసింది. ఆ చూపులో భయం ఉంది. ఆమె కూడా సాలెవాళ్ళ పిల్లే, నాలుగు మగ్గాల ఇంట్లో పుట్టిందే. ఆ మాటలు ఆమె చెవిలోనూ పాలతో పాటు పోసినవే.

నొప్పి వచ్చింది. గోడకు నుదురు ఆనించి అది పోయేదాకా ఉంది. తర్వాత మా అక్కను అడిగింది.

"పెద్దత్తా, పోయినసారి మగ్గం మీద ఏముంది?"

"పోయినసారా? ఏమీ లేదు. కుబుసం రోజే దింపేశాంగా. అంతా పద్ధతి ప్రకారమే చేశాం."

"ఏమీ లేదు కదా," అంది కస్తూరి.

మా అక్క నోరు తెరిచింది, దాంట్లోంచి ఏమీ రాలేదు. అట్లాంటిది నేను అంతకుముందు చూడలేదు.

"కొయ్యి మావా," అంది కస్తూరి నాతో.

మా ఇళ్ళలో నడుస్తున్న చీరను కోసినవాడు లేడు. పడుగు తెగితే పోగు పోగుకూ ముడి వేసుకుంటాం గానీ కత్తి పెట్టం. నేను కత్తి తీసి అంచు నుంచి అంచు దాకా ఒక్క లాగు లాగాను. బిగువు మీద ఉన్న పోగులు టపటపా తెగి వెనక్కి ఎగిరాయి. ఒక బీడీ ముట్టించుకునేంత సేపు కూడా పట్టలేదు. దీని కోసమా ఇంత రాద్ధాంతం అనిపించింది.

"ఇప్పుడు సగం లేదు," అన్నాను. "ఏమీ లేదు. బండి తే."

మహాంతేశ పరిగెత్తాడు. దానవ్వ ఏడుస్తూనే దుప్పట్లు తెచ్చింది. కోసిన గుడ్డను నాలుగు మడతలు వేసి టంటంలో కస్తూరి కింద పరిచాను, మెత్తగా ఉంటుందని. అంతే, దాంట్లో ఇంకే మర్మమూ లేదు. దారిలో గుంట వచ్చినప్పుడల్లా నేను డ్రైవరు భుజం మీద ఒక దెబ్బ వేశాను. అతను రెండో దెబ్బకే అర్థం చేసుకుని మెల్లగా తోలాడు.

ఆసుపత్రివాళ్ళు కుట్టు విప్పారు. సూదులు వేశారు. పొద్దు గుంకేలోపల ఆడపిల్ల పుట్టింది. పావురం పిల్లంత ఉంది. ఒంటి మీద చర్మం ఉడకేసిన వంకాయ తొక్కలాగా ఉంది. చూపించి వెంటనే వెచ్చటి పెట్టెలో పెట్టారు.

కస్తూరి దాన్ని చూడటానికి పోలేదు. నర్సు వచ్చి పిలిచేది, తల్లి రొమ్ముకు ఆనించుకుంటే బిడ్డకు బలమని. కస్తూరి గోడ వైపు తిరిగి పడుకునేది.

"నా ఒంట్లోనే నిలవలేదు, నా ఒంటి మీద ఏం నిలుస్తుంది," అనేది.

మా అక్క చెవిలో పడితే ఆమె ఈ మాటకు తలాడించి ఉండేది. ఆమెను ఆసుపత్రికి రానివ్వలేదు. నా పెత్తనంలో నేను చేసిన పని అదొక్కటే.

పొద్దున్నే నేను పెట్టె గది అద్దంలోంచి చూసి వచ్చేవాణ్ణి. కస్తూరి వెనక్కి తిరక్కుండా అడిగేది.

"ఉందా మావా?"

"ఉంది."

ఇంకో మాట అడిగేది కాదు, నేనూ చెప్పేవాణ్ణి కాదు. కొన్ని పొద్దులు అట్లాగే అయ్యాయి. ఆ తర్వాత ఒక పొద్దున అడిగింది, "ఉందా మావా?"

"నా మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. పోలేదు. నువ్వే చూసుకో."

నా వైపు తిరిగింది. చాలా కోపంగా చూసింది. అబద్ధమని తెలిసినా, ఆ అబద్ధం వెనక బిడ్డ బతికి ఉందో లేదో తెలియదు కదా. దుప్పటి తోసేసి, ముసలివాళ్ళలాగా నడుం పట్టుకుని నడుచుకుంటూ పోయింది. నేను చాలాసేపు బల్ల మీద కూర్చున్నాను. రాలేదు. పోయి అద్దంలోంచి చూశాను. బిడ్డను గుండెల మీద బోర్లా పడుకోబెట్టుకుని, ఒక చేత్తో కప్పి, రెండో చేతి వేళ్ళతో వీపు మీద మెల్లగా తడుతోంది. పెదవులు కదులుతున్నాయి. ఏం చెబుతోందో నాకు వినపడలేదు. వినవలసింది నేను కాదు.

బిడ్డ ఒళ్ళు చేశాకే ఇంటికి తెచ్చాం. దానికి మహాదేవి అని కస్తూరే పేరు పెట్టింది, ఎవరినీ అడగలేదు. మగ్గం మళ్ళీ ఎక్కించాను.

మా అక్క మాట మార్చడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. "మా తమ్ముడు సగం చీర కోశాడు, కోయగానే గండం తెగింది. గండాన్నే కోశాడమ్మా," అని వీధి వీధంతా చెప్పింది. వామునీళ్ళ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ గుడ్డను ఉతికి తన పెట్టెలో దాచింది. వచ్చినవాళ్ళకు జానెడు జానెడు చించి ఇవ్వడం మొదలుపెట్టింది. కడుపుతో ఉన్నవాళ్ళు తలగడ కింద పెట్టుకుంటే కాన్పు దానంతటదే సవ్యంగా అవుతుందట. వెనకటి కట్టుబాటును నమ్మినవాళ్ళే దీన్నీ నమ్మారు. బుర్రలు మాత్రం అవే, కొత్తవి కొనుక్కోలేదు.

ఒకరోజు రంగులద్దే వాళ్ళ ఇంటి నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. కోడలికి నెలలు నిండకుండానే నడుం నొప్పి మొదలైందట.

"డాక్టరు దగ్గరికి ఎందుకులే, నీ దగ్గర గుడ్డ ఉందిగా నీలవ్వా," అంది.

మా అక్క పెట్టె తెరిచింది. నేను మగ్గం ఆపి గొంతు సవరించుకున్నాను. నాకు తిట్లే గుర్తొచ్చాయి.

ఈలోపల కస్తూరి బిడ్డను చంకనేసుకుని బయటికి వచ్చింది. మా అక్క చేతిలోంచి ఆ ముక్క తీసుకుంది. ముఖంలో నవ్వు లేదు.

"పెద్దత్తా, దీనికొక పట్టింపు ఉంది, నువ్వు చెప్పడం మర్చిపోయినట్టున్నావు. ఇది ఇంట్లో పనిచేయదు."

"పనిచేయదా?" అంది ముసలమ్మ.

"చేయదు. మావ కోసినప్పుడు ఇది ఇంట్లో ఉండి పనిచేసిందా? నా కింద వేసుకుని టంటంలో పోయాను. బాగల్‌కోట పెద్దాసుపత్రి గేటు దాటాకే దీనికి బలం. అదీ నొప్పి మొదలైన పూటే దాటాలి. తెల్లారేదాకా ఇంట్లో పెట్టుకుంటే తిరగబడుతుంది."

ముసలమ్మ మా అక్క వైపు చూసింది. మా అక్కకు తెలియదని ఒప్పుకోవడం ఎన్నడూ రాదు.

"అవునే," అంది. "అది చెప్పబోతున్నా. గేటు దాటాలి."

ముసలమ్మ గుడ్డ కొంగున ముడివేసుకుని గబగబా పోయింది. కాసేపటికి టంటం ఒకటి వీధిలోంచి వెళ్ళిన చప్పుడు విన్నాం.

ఇప్పుడు మా వీధిలో అదే కట్టుబాటు. నొప్పులొస్తే గుడ్డ కింద వేసుకుని పెద్దాసుపత్రి గేటు దాటాలి. ఎందుకని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. మొదటి గుడ్డ ఎప్పుడో అయిపోయింది. నేరేడుపండు రంగులో ఇంకో సగం నేసి ఇమ్మని కస్తూరి గూట్లోంచి చెప్పింది. నేస్తున్నాను.